53 శాతమా, 99.9 శాతమా? స్వలింగ వివాహంపై ఓటింగ్ పెడితే ఏమవుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2023లో చేసిన సర్వేలో భారతీయుల్లో 53 శాతం మంది స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేయడానికి అనుకూలమని, 43 శాతం మంది వ్యతిరేకమని తేలింది. న్యాయవాది అయిన మీ బాబాయిగారేమో అదే ఏడాది ఏప్రిల్‌లో న్యాయవాదుల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన తీర్మానం చూపించి, దేశంలో 99.9 శాతానికి పైగా జనం దీనికి వ్యతిరేకమని అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? దేశమంతటా ఓటింగ్ పెడితే ఒక్క రోజులో తేలిపోదా?

ముందు సూటిగా చెప్పేస్తాను. 99.9 అనేది లెక్క కాదు. 53 లెక్కే, కానీ అది ఓటు కాదు. ఇప్పుడు భారత్‌లో ఓటింగ్ పెడితే, సర్వేలో 53 శాతం కనిపిస్తున్నా, ప్రతిపాదన ఓడిపోతుందనే నా అంచనా. అలాంటి ఓటింగ్ పెట్టే దారి మన రాజ్యాంగంలో లేదు కాబట్టి ఆ అంచనా సరైనదో కాదో తేలే అవకాశమూ లేదు.

నా సంగతి ఒక్క మాట. తెలుగు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే ఇన్వెస్టిగేటర్‌గా మొదలుపెట్టి, తర్వాత ప్రశ్నపత్రాలు తయారుచేసే పనిలోకి వచ్చాను. ఆ తర్వాత సిడ్నీ పశ్చిమ శివార్లలో స్థిరపడి అక్కడా ఇదే వృత్తిలో ఉన్నాను. 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇదే విషయంపై దేశమంతటినీ అడిగినప్పుడు ఆ కాగితం మా ఇంటికీ వచ్చింది. అందుకే మీ ప్రశ్న చూసి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

99.9 సంగతి తొందరగా ముగించవచ్చు. వెయ్యి మందిలో ఒక్కరు తప్ప అందరూ ఒకే మాట మీద ఉన్నారని దాని అర్థం. ప్యూ అడిగిన దేశాలన్నిటిలో తక్కువ మద్దతు కనిపించినది నైజీరియాలో. స్వలింగ వివాహం చేసుకుంటే 14 ఏళ్ల జైలు శిక్ష ఉన్న దేశం అది. అక్కడ కూడా నూటికి ఇద్దరు అనుకూలమన్నారు. మన దేశంలో మద్దతు నైజీరియా కంటే ఇరవై రెట్లు తక్కువని నమ్మగలిగితే 99.9ని నమ్మవచ్చు. కోర్టులో ఎదుటి పక్షం ఇలాంటి అంకె చెబితే ఆధారం ఎక్కడుందని మీ బాబాయిగారే మొదట నిలదీస్తారు.

53 అంత తేలిగ్గా కొట్టిపారేసే అంకె కాదు. ప్యూ సంస్థకు మంచి పేరుంది, పద్ధతి ప్రకారం నమూనా తీసుకుంటుంది. నన్ను ఆపే చోటు వేరే ఉంది. 53కి 43 కలపండి, 96 వస్తుంది. అంటే జవాబు చెప్పలేమన్నవారు నూటికి నలుగురే. చాలా కుటుంబాల్లో ఎన్నడూ చర్చకే రాని విషయంపై 96 శాతం మందికి ఖచ్చితమైన అభిప్రాయం ఉందంటే నాలాంటివాడికి అనుమానం రాక మానదు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. అడిగిన క్షణంలో ఏర్పడిన అభిప్రాయం కూడా పట్టికలో అభిప్రాయంగానే చేరుతుంది. మూడేళ్లుగా మనసులో ఉన్న అభిప్రాయానికీ, అరనిమిషం కిందట పుట్టిన అభిప్రాయానికీ అక్కడ ఒకే విలువ.

నా సొంత అనుభవంలోంచి ఒక ఉదాహరణ. కులాంతర వివాహాల మీద ఒక ప్రశ్నపత్రం పట్టుకుని కోస్తా జిల్లాల్లో తిరిగాం. "వేరే కులం వాళ్లను పెళ్లి చేసుకోవడం తప్పా?" అంటే గడప గడపనా ఒకటే జవాబు: "ఈ రోజుల్లో తప్పేముంది బాబూ!" తర్వాతి ప్రశ్న: "మీ ఇంట్లో అమ్మాయి అలా చేసుకుంటానంటే?" అప్పుడు వక్కపొడి నములుతున్న నోరు ఆగేది. కొందరు నవ్వి దాటేసేవారు, కొందరు లోపలికి చూసి గొంతు తగ్గించేవారు. ఒకసారి ఒక కోడలు "మాకేం అభ్యంతరం లేదండీ" అనబోతుంటే వసారాలోంచి అత్తగారు దగ్గారు. కోడలు వెంటనే "పెద్దవాళ్ల ఇష్టం" అని సర్దుకుంది. ఏకాంతంగా అడగాలని మాకిచ్చిన సూచనల పుస్తకంలో రాసి ఉంటుంది. పల్లెలో ఒక ఇంటికి సర్వే వాళ్లు వస్తే ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు.

స్వలింగ సంబంధాల గురించి అడిగినప్పుడు నాకు ఎక్కువగా దొరికిన జవాబు మాత్రం అటూ కాదు, ఇటూ కాదు. "వాళ్ల ఇష్టం వాళ్లది, మనకెందుకు?" ఇది ద్వేషం కాదు, అలాగని మద్దతూ కాదు. గట్టిగా అనుకూలం, కొంతవరకు అనుకూలం, కొంతవరకు వ్యతిరేకం, గట్టిగా వ్యతిరేకం అని నాలుగు గడులు ఇస్తే ఇన్వెస్టిగేటర్ ఈ మనిషిని ఎక్కడ వేస్తాడు? సాధారణంగా "కొంతవరకు అనుకూలం"లో వేస్తాడు. అది తప్పని కూడా అనలేం, అడ్డు చెప్పనని ఆ మనిషి అన్న మాట నిజమే కదా. ఓటింగ్ రోజున మాత్రం ఈ మనిషి ఇంట్లోనే ఉంటాడు. "మనకెందుకు" అన్నవాడు ఎండలో క్యూలో ఎందుకు నిలబడతాడు? అదే సమయంలో గట్టిగా వ్యతిరేకం అన్నవాడు తన ఇంట్లో నలుగురినీ వెంటబెట్టుకుని వస్తాడు. భారత్‌లో ఓటింగ్ పెడితే ఓడిపోతుందని నేను అనడానికి ప్రధాన కారణం ఇదే.

ఇది నా ఊహ మాత్రమే కాదు, బయటి దేశాల్లో కళ్లకు కట్టినట్టు జరిగింది.

క్రొయేషియా 2013 డిసెంబరులో వివాహమంటే స్త్రీపురుషుల మధ్యేనని రాజ్యాంగంలో రాయాలా అని ఓటింగ్ పెట్టింది. 65.87 శాతం అవునన్నారు. వినడానికి భారీ మెజారిటీ. కానీ ఓటు వేసినవారే 37.9 శాతం. ఈ రెండింటినీ గుణిస్తే మొత్తం ఓటర్లలో నలుగురిలో ఒకరు రాజ్యాంగాన్ని మార్చారని తేలుతుంది. కనీస పోలింగ్ నిబంధన లేదు కాబట్టి అది చెల్లింది. రొమేనియా కూడా 2018 అక్టోబరులో దాదాపు అదే ప్రశ్న అడిగింది, రెండు రోజులు పోలింగ్ జరిపింది. ఓటేసినవారిలో 90 శాతానికి పైగా నిషేధానికి అనుకూలమే. కానీ వచ్చినవారు 21.1 శాతం, కావలసినది 30. మొత్తం వ్యవహారం రద్దయింది. నిషేధాన్ని వ్యతిరేకించినవారు అక్కడ "ఇంట్లో ఉండండి" అని ప్రచారం చేశారు, అదే పనిచేసింది. రెండు చోట్లా దాదాపు అదే ప్రశ్న అయినా, కనీస పోలింగ్ నిబంధన ఉండటం లేకపోవడం వల్ల ఫలితాలు తారుమారయ్యాయి. ఇందులో ప్రజాభిప్రాయం పాత్ర ఎంత అని నన్నడిగితే, అనుకున్నంత లేదంటాను.

"మనకెందుకు" మనిషిని ఇంట్లోంచి కదిలించిన దేశం ఐర్లాండ్. 1993 దాకా అక్కడ పురుషుల మధ్య స్వలింగ సంబంధం నేరం. విడాకులకు 1995లో ఓటింగ్ పెడితే అతి కష్టం మీద, 50.28 శాతంతో గట్టెక్కింది. అలాంటి కాథలిక్ దేశంలో 2015 మే 22న స్వలింగ వివాహానికి 62 శాతం అవునన్నారు. పోలింగ్ 60 శాతం దాటింది. 43 నియోజకవర్గాల్లో కాదన్నది రోస్కామన్-సౌత్ లీట్రిమ్ ఒక్కటే. ఎలా సాధ్యమైంది? ముందుగా 2013లో 66 మంది సాధారణ పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు కూర్చున్న సమావేశంలో ఈ విషయం విడమరిచి చర్చించారు. 79 శాతం మంది మార్పును సిఫారసు చేశారు. తర్వాత ప్రచారమంతా హక్కుల భాషలో కాకుండా ఇంటి భాషలో సాగింది. మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ తన కొడుకు గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆరోగ్య మంత్రి లియో వరద్కర్ ఆ ఏడాది జనవరిలో రేడియోలో తాను స్వలింగ సంపర్కుడినని చెప్పారు. ఆయన తండ్రి ముంబయి నుంచి వెళ్లిన డాక్టర్. విదేశాల్లో ఉన్న ఐరిష్ యువతకు పోస్టల్ ఓటు లేదు, అందుకని విమానాలు, ఓడలు ఎక్కి వచ్చి ఓటేశారు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఐర్లాండ్‌లో రాజ్యాంగం మార్చాలంటే ఓటింగ్ తప్పనిసరి. అది ఎవరి సరదా కోసమో పెట్టింది కాదు.

ఆస్ట్రేలియాలో పెట్టింది మాత్రం, నన్నడిగితే, రాజకీయ నాయకులు తప్పించుకోవడానికే. పార్లమెంటుకు ఈ చట్టం చేసే అధికారం ఉందని అక్కడి హైకోర్టు 2013లోనే చెప్పేసింది. (అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది.) అయినా అధికార పక్షంలో చీలిక వస్తుందన్న భయంతో బంతిని జనం మీదికి తోశారు. తప్పనిసరి ఓటింగ్ పెట్టే బిల్లును పార్లమెంటు ఎగువ సభ సెనేట్ తిరస్కరించింది. దాంతో గణాంక సంస్థ చేత పోస్టులో "సర్వే" చేయించారు. చట్టపరంగా అది ఓటింగ్ కాదు, పార్లమెంటు దానికి కట్టుబడాల్సిన అవసరమూ లేదు.

ఒకే ప్రశ్న, రెండు గడులు, ఒక బార్‌కోడు, తిరిగి పంపడానికి కవరు. మా వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో చాలా మందికి నా వృత్తి తెలుసు కాబట్టి ఆ రెండు నెలలూ ప్రశ్నలు నాకే వచ్చేవి. మద్దతివ్వాలా వద్దా అని అడిగినవారు తక్కువ. "పంపకపోతే జరిమానా వేస్తారా?" అన్నదే మొదటి ప్రశ్న, ఎందుకంటే ఆస్ట్రేలియా ఎన్నికల్లో ఓటు వేయకపోతే జరిమానా పడుతుంది. ఈ సర్వేకు అది లేదు. రెండో ప్రశ్న: "ఆ బార్‌కోడుతో మనం ఏం రాశామో తెలిసిపోతుందా?" పేరునూ జవాబునూ కలిపి చూసే వీలు ఉండదని వివరించేవాడిని. కొందరు నమ్మేవారు, కొందరు తల ఊపి కవరును ఫ్రిజ్ మీద పెట్టేసేవారు. అదీ ఒక జవాబే, కాకపోతే ఏ పట్టికలోకీ ఎక్కదు.

ఫలితం నవంబరు 15న వచ్చింది. 79.5 శాతం మంది కవరు తిరిగి పంపారు, 61.6 శాతం మంది అవునన్నారు. అన్ని రాష్ట్రాల్లోనూ అవునే. స్వచ్ఛందంగా అడిగితే ఇంత మంది జవాబు ఇవ్వడం మా వృత్తిలో ఊహకందని విషయం. ఎందుకు సాధ్యమైందో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. క్యూ లేదు, సెలవు పెట్టక్కర్లేదు. "మనకెందుకు" మనిషి కూడా కాఫీ తాగుతూ గడి నింపి, నడకకు వెళ్తూ పోస్టు డబ్బాలో వేయగలిగాడు. అయినా వయసు తేడా ఉండనే ఉంది. 70 దాటినవాళ్లలో పదికి తొమ్మిది మంది దాకా పంపితే, పాతికేళ్ల వయసువాళ్లలో నూటికి డెబ్బై పైచిలుకు మందే పంపారు.

ఇక మా పారమాటా నియోజకవర్గం. 61.6 శాతం వద్దన్నారు. దేశం అవునన్నదీ 61.6, మేం కాదన్నదీ 61.6, కాకతాళీయమే. 150 నియోజకవర్గాల్లో 17 కాదంటే అందులో 12 న్యూ సౌత్ వేల్స్‌లోనివి, ఎక్కువ భాగం పశ్చిమ సిడ్నీవి. ఫలితం వచ్చిన మర్నాటి నుంచే "భారతీయులు వద్దన్నారు, వలస వచ్చినవాళ్లు వద్దన్నారు" అనే వాదన మొదలైంది. మా తెలుగువాళ్లు కూడా కొందరు గర్వంగా, కొందరు సిగ్గుగా అదే అన్నారు. ఆ వాదనకు ఈ లెక్కల్లో ఆధారం లేదు. ఎవరు పంపారో వయసు వారీగా, స్త్రీపురుషుల వారీగా ప్రకటించారు గాని ఎవరు ఏమన్నారో నియోజకవర్గం దాటి లోపలికి ప్రకటించలేదు. పారమాటాలో చైనీయులున్నారు, కొరియన్లున్నారు, లెబనాన్ క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, తరతరాలుగా ఉన్న తెల్లవాళ్లున్నారు. పైగా ఓటరు కావాలంటే పౌరసత్వం ఉండాలి. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లలో ఎందరో అప్పటికి వీసాల మీదే ఉన్నారు, వాళ్లకు కవరే రాలేదు. మొత్తం నియోజకవర్గం అంకె చూసి అందులో ఒక సమూహం ఏమనుకుందో చెప్పడం మా వృత్తిలో మొదటి పాఠంలోనే వద్దని నేర్పే పని. మన దేశంలో ఎన్నికల రాత్రి టీవీల్లో ఫలానా కులం గంపగుత్తగా ఫలానా పార్టీకి వేసిందని చెప్పేవాళ్లు రోజూ చేసే పనీ అదే.

డిసెంబరు 7న ప్రతినిధుల సభలో బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసింది నలుగురే. 17 నియోజకవర్గాలు వద్దన్న సంగతి గుర్తుంచుకోండి. కొందరు సభ్యులు ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు, కొందరు తమ నియోజకవర్గాన్ని కాక దేశం మొత్తాన్ని చూసుకున్నారు. ఏది ప్రజాస్వామ్యం అన్న చర్చ అక్కడ ఇప్పటికీ తెగలేదు.

"మరి జనం వద్దంటే వదిలేయాల్సిందేనా?" అని మీరు అడగవచ్చు. తైవాన్ చూడండి. రాజ్యాంగ న్యాయస్థానం 2017 మేలో రెండేళ్లలోగా చట్టం చేయమంది. 2018 నవంబరులో జనాభిప్రాయ ఓటింగ్ పెడితే సివిల్ కోడ్‌లో (పెళ్లి, ఆస్తి వంటి విషయాల చట్టం) వివాహం స్త్రీపురుషులకే పరిమితం కావాలని 72 శాతం మంది అన్నారు. ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది. సివిల్ కోడ్ ముట్టుకోకుండా 2019 మేలో విడిగా ఒక చట్టం చేసింది. అక్కడి ప్రభుత్వ సర్వేల్లో 2018లో 37 శాతం ఉన్న మద్దతు మూడేళ్లలో 60 దాటింది. పెళ్లిళ్లు జరిగాయి, పక్కింటివాళ్ల జీవితంలో ఏమీ మారలేదు, "మనకెందుకు" మనుషులు అటువైపు జరిగారు. అమెరికాలో మన తెలుగువాళ్లు దండిగా ఉన్న కాలిఫోర్నియాలోనూ అంతే. ఒబామా 2008లో అక్కడ భారీగా గెలిచిన రోజునే 52 శాతం మంది స్వలింగ వివాహాన్ని నిషేధించారు. కోర్టులు దాన్ని ఎత్తివేశాక, 2024లో అదే రాష్ట్రం ఆ పాత వాక్యాన్ని 62 శాతానికి పైగా ఓట్లతో రాజ్యాంగంలోంచి తీసేసింది. అభిప్రాయం చట్టానికి ముందు నడుస్తుందనుకుంటాం. చాలా చోట్ల అది చట్టం వెనకే వచ్చింది. అయితే ఇది ప్రతి చోటా జరుగుతుందని నేను హామీ ఇవ్వను. స్లొవేనియాలో 2012లో ఒకసారి, 2015లో మరోసారి జనం కాదన్నారు, 2022లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో గానీ అక్కడ తలుపు తెరుచుకోలేదు.

ఇక మన దేశం. జాతీయ స్థాయిలో రెఫరెండం మన రాజ్యాంగంలో లేదు. జునాగఢ్‌లో 1948లో, గోవాలో 1967లో, సిక్కింలో 1975లో జనాన్ని నేరుగా అడిగిన మాట నిజమే. అవన్నీ ఒక ప్రాంతం ఎటు ఉండాలన్న ప్రశ్నలు, పెళ్లి చట్టాల గురించి కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వివాహం చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా చెప్పి, నిర్ణయాన్ని చట్టసభలకే వదిలింది. ఆ కేసుకు పేరు తెచ్చిన పిటిషనర్లు సుప్రియో, అభయ్ డాంగ్ మన హైదరాబాద్‌వాళ్లే. పౌర బంధంగా (పెళ్లి అనకుండా జంటకు చట్టం ఇచ్చే గుర్తింపు) గుర్తించాలా అన్న దానిపై మాత్రం ధర్మాసనం 3-2గా చీలింది. విచారణలో కేంద్రం దీన్ని నగరాల్లోని ఉన్నత వర్గాల అభిప్రాయంగా వర్ణించింది. పునఃసమీక్ష పిటిషన్లు 2025 జనవరిలో కొట్టివేశారు. కాబట్టి పరిస్థితి ఐర్లాండ్ కంటే ఆస్ట్రేలియాకు దగ్గర. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించినా, విడిగా చట్టం తెచ్చినా పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు.

అందుకే, మన దగ్గర ఓటు లెక్క వేరే చోట మొదలవుతుంది. సర్వేలో "మీరు అనుకూలమా" అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. "ఈ కారణంగా మీరు ఒక అభ్యర్థికి ఓటు వేస్తారా, వేయకుండా మానేస్తారా" అని కూడా అడిగితే తప్ప ఒక ఎంపీకి అది పనికొచ్చే సమాచారం కాదు. 2024 ఎన్నికల్లో కాంగ్రెస్ విస్తృత సంప్రదింపుల తర్వాత పౌర బంధాలను గుర్తించే చట్టం తెస్తామని మేనిఫెస్టోలో రాసింది. ఆ ఒక్క వాగ్దానం వల్ల ఎక్కడైనా ఒక సీటు అటుదిటు అయిందని ఎవరూ అనడం నేను వినలేదు. గట్టి వ్యతిరేకులున్నంత గట్టి మద్దతుదారులు లేనంత కాలం పార్టీలు ఆ వాక్యాన్ని మేనిఫెస్టో చివరి పేజీల్లోనే ఉంచుతాయి.

ఈలోగా చిన్న మార్పులు ఓటింగ్ ఏదీ లేకుండానే వస్తున్నాయి. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో వాళ్లను ఒకే కుటుంబంగా పరిగణించాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. మీ బాబాయిగారితో మళ్లీ వాదన వస్తే శాతాలు పక్కనబెట్టి దీని గురించి అడిగి చూడండి: ఇద్దరి పేర బ్యాంకు ఖాతా ఉండవచ్చా? ఆసుపత్రిలో సంతకం పెట్టవచ్చా? విడివిడిగా అడిగితే మనుషులు ఇచ్చే జవాబులు "పెళ్లి" అని ఒక్కమాటుగా అడిగినప్పటి జవాబులా ఉండవు.